పొరమ్మ కొంగు వదిలిన రోజు

ఒకప్పుడు వంకాయని కోస్తే నల్లబడేది కాదు. పొద్దున్నే ముక్కలు కోసి పళ్లెంలో పడేసి, ఏటికెళ్లి బట్టలుతుక్కుని, పక్కింటావిడతో తగువు పెట్టుకుని, మళ్లీ ఆవిడతోనే రాజీపడి, మిట్టమధ్యాహ్నం తీరిగ్గా ఇంటికొచ్చి చూసినా ముక్కలు తెల్లగా అలాగే ఉండేవి. వండేవాళ్లకి హాయిగా ఉండేది. పురుగులకి ఇంకా హాయిగా ఉండేది. మన కథంతా ఆ రెండో హాయి గురించే.

ఆ రోజుల్లో గోదావరి మధ్య ఒక చిన్న లంకలో మంగాయమ్మ అనే ఆవిడ వంగతోట వేసేది. ఏటేటా తోటలోకెల్లా మంచి కాయని ఒకదాన్ని ఎంచి, దాని తొడిమకి ఎర్రగుడ్డ పేలిక కట్టేది. పేలిక కట్టిన కాయని ఎవరూ కొయ్యకూడదు. అది విత్తనాల కాయ. చెట్టునే ముదిరి, పసుపుపచ్చగా పండి, వచ్చే ఏటికి గింజలివ్వాలి.

ఆ ఏడు వరదొచ్చి తోట తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క మొక్క మిగిలింది. ఆ మొక్కకి ఒక్క కాయ నిలిచింది. మంగాయమ్మ దానికే పేలిక కట్టి, ఇంక నువ్వే దిక్కు తల్లీ అని దణ్ణం పెట్టుకుని వెళ్లింది. ఆ కాయలో గింజలు పండకపోతే ఆ లంకలో మళ్లీ వంగతోట అనేది ఉండదు.

ఇప్పుడు కాయ లోపలికి వెళదాం, రండి. తొడిమ పట్టుకుని జాగ్రత్తగా దిగండి, ముళ్లుంటాయి.

కాయ నిండా గదులే. కంటికి ఆననంత చిన్న గదులు, లక్షలకి లక్షలు. గదికో ఇల్లాలు. ఇల్లాలి పేరు పొరమ్మ. అన్ని గదుల్లోనూ అదే పేరు. ఏం చేస్తాం, వాళ్లకి పేర్లు వెతుక్కునే తీరిక లేదు. మన పొరమ్మ గది ఆఖరి వరసలో ఉండేది. ఆ గది దాటితే ఇంక గింజలే.

పొరమ్మ ఎంత సన్నటిదంటే, ఆవిడ పక్కన పెడితే ఉల్లిపొర గోనెపట్టాలా కనపడుతుంది. అంత సన్నటి మనిషి ఒక కొంగుతో గదంతా చుట్టి పట్టుకునేది. రెండో కొంగుతో గది మధ్యలో ఉన్న పెద్ద కుండ మూతికి వాసెన కట్టి పట్టుకునేది. ఆ కుండలో వగరు రసం ఉండేది.

ఆవిడ కొంగు నిండా బుల్లి బుల్లి తలుపులు. పంచదార వస్తే రా నాయనా అని తలుపు తీసేది. ఉప్పు ఎక్కువై తోసుకొస్తే నువ్వొద్దు ఫో అని బయటికి నెట్టేది. నీళ్లు మాత్రం చుట్టాల్లా చెప్పాపెట్టకుండా వచ్చిపోతుండేవి. ఉప్పు మహా మొండిది. ఒక తలుపులోంచి నెడితే ఇంకో తలుపులోంచి దూరేది. నెట్టినప్పుడల్లా పొరమ్మకి గుప్పెడు సత్తువ ఖర్చయ్యేది.

ఆ సత్తువ చేసిపెట్టేవాడు కుంపటయ్య. పంచదారని కొంచెం కొంచెంగా గాలితో కలిపి కాల్చి సత్తువ ఉండలు చేసేవాడు. ఆ ఉండలు నిలవ ఉండవు. చేసినవి చేసినట్టే అయిపోతాయి. అందుకని పాపం కుంపటయ్యకి పండగా లేదు, పబ్బమూ లేదు. నేను నడుం వాలిస్తే మీరందరూ వాలుస్తారు, మళ్లీ లేవరు అనేవాడు. గొప్పకి చెప్పుకున్న మాట కాదు, నిజమే.

ఇక పనివాళ్లు వేలమంది. ఒక్కొక్కరికి ఒక్కటే పని వచ్చు. పిండిని పంచదారగా తుంచేవాడికి తుంచడమే తెలుసు. అతకమంటే తెల్లమొహం వేసేవాడు. కానీ తన పని తన చేతికిచ్చి చూడండి, రెప్పపాటులో వెయ్యి ముక్కలు తుంచి పడేసేవాడు. ఎంత పని చేసినా ఆ చేతులు అరిగేవి కావు. పొద్దుట ఎలా ఉన్నాయో సాయంత్రమూ అలాగే ఉండేవి.

ఇంతమందిలో ఒక్కావిడ మాత్రం ఏ పనీ చేసేది కాదు. గదిలో ఒక మూల పీట మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పుట్టి ఇన్నాళ్లయినా ఎవరూ ఆవిడకి పని చెప్పలేదు. చేతులు మాత్రం బలంగా, చక్కగా, ఏదో పట్టుకోడానికే చేసినట్టు ఉండేవి. అందరూ ఆవిణ్ణి కూర్చున్నమ్మ అనేవారు. గదికో కుంపటయ్య ఉన్నట్టే గదికో కూర్చున్నమ్మ ఉండేది.

పనివాళ్ల నోళ్లు మీకు తెలుసుగా. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అని ఆవిడ వినేలాగే అనుకునేవారు. ఆవిడ తినేది కూడా ఏమీ లేదు పాపం. కానీ వెక్కిరించేవాళ్లు అదంతా చూస్తారా.

ఒకరోజు కూర్చున్నమ్మ పొరమ్మని పిలిచి అడిగింది. "వదినా, నేను చెడ్డదాన్నా?"

"కాదే. చెడ్డదానివైతే మా అమ్మ నిన్ను నాకు అప్పజెప్పదు."

"మరి నాకు పనెందుకు లేదు?"

పొరమ్మకి అమ్మ మాట గుర్తొచ్చింది. వాళ్లమ్మ గది రెండుగా విడిపోయి అక్కాచెల్లెళ్లిద్దరూ పుట్టిన రోజున, అమ్మ ఒక్క మాటే చెప్పి పంపింది. ఆ కుండలో రసాన్నీ ఈ పీట మీద మనిషినీ ఎప్పుడూ కలవనివ్వకండి, కలిస్తే మీ గది మీకు మిగలదు అంది. ఎందుకో చెప్పలేదు. పెద్దవాళ్లు సగం మాటలు చెప్పి, మిగతా సగం మనల్నే తెలుసుకోమంటారు.

అందుకని పొరమ్మ కుండ వాసెన ఎన్నడూ వదల్లేదు. గోడకి అటుపక్క, పై వరస గదిలో ఉన్న అక్క పొరమ్మ కూడా వదల్లేదు. అక్కాచెల్లెళ్లు గోడలో ఉన్న కిటికీలోంచి మాట్లాడుకునేవాళ్లు. ఇవాళ కూడా ఒక్క చుక్క కారలేదే అని అక్క అంటే, నాకూ కారలేదక్కా అని చెల్లెలు అనేది. అదే వాళ్ల పరువు. కాయలో ఉన్న పొరమ్మలందరికీ అదే పరువు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం తెల్లరెక్కల పురుగొకటి వచ్చి తొడిమ దగ్గర గుడ్డు పెట్టి ఎగిరిపోయింది. నాలుగు రోజులకి గుడ్డులోంచి పిల్లపురుగు వచ్చింది. కళ్లు తెరిచేసరికి అమ్మ లేదు, కడుపులో ఆకలుంది, ఎదురుగా వంకాయ ఉంది. తొలుచుకుంటూ లోపలికి వచ్చేసింది.

ఆ కబురు కిటికీలోంచి కిటికీకి పాకింది. పై వరసలో ఎవరో వచ్చారట, గోడలు కొరుకుతున్నారట అన్నారు. పై వరస పొరమ్మలు ఏం చేశారు? వాళ్లమ్మలు చెప్పిందే చేశారు. గోడ కూలినా, పైన పెచ్చులు పడినా, వాసెన బిగించి కుండని గుండెలకి హత్తుకుని కూర్చున్నారు. పురుగు వాళ్లని కుండతో సహా మింగేసింది. మనం మాత్ర మింగినట్టు, చేదు నాలిక్కి తగలకుండా గొంతు దిగిపోయింది.

పురుగు రోజుకో వరస తింటోంది. పంచదార వచ్చే కాలవని కూడా అది కొరికేసింది. దాంతో కింది గదులకి పంచదార సన్నగిల్లింది. కుంపటయ్య ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి కానీ కుంపటి పుంజుకోలేదు. వంద ఉండలు చేసేచోట పది చేశాడు. పొరమ్మకి తలుపులు కాసే సత్తువ చాల్లేదు. ఇదే సందని ఉప్పు నాలుగువైపుల తలుపుల్లోంచీ తోసుకొచ్చింది.

మూడోనాటికి పురుగు అక్క గది దాకా వచ్చింది.

కిటికీలోంచి అక్క గొంతు వినపడింది. "చెల్లీ, మా కుంపటి ఆరిపోయిందే. చేతుల్లో పట్టు లేదు. అయినా వాసెన వదల్లేదు. అమ్మ మాట నిలబెట్టాను."

అంతే, మళ్లీ అక్క మాట వినపడలేదు. గుటక వేసిన చప్పుడు వినపడింది. ఆ వెనకాలే పురుగు తనలో తను గొణుక్కున్న మాటా వినపడింది. ఎంత మెత్తగా ఉందో, నమలక్కర్లేకుండానే జారిపోతోంది అని మురిసిపోతోంది.

పొరమ్మకి ఏడుపొచ్చింది. ఒక తల్లి గదిలోంచి విడిపడిన ఇద్దరిలో ఒకరు లేకుండా పోతే ఏడుపు రాదా. పనివాళ్లు కూడా చేతిలో పని ఆపేశారు. కుంపటయ్య ఒక్కడే ఊదడం ఆపలేదు. ఆపితే అందరూ పోతారు కదా, వాడికి ఏడవడానికి కూడా తీరిక లేదు.

ఏడుస్తూనే పొరమ్మ ఆలోచించింది. అక్క కుండని కాపాడింది. ఎవరి కోసం కాపాడింది? పురుగు కోసం. వాసెన బిగించి పట్టుకుని, ఆ వగరు పురుగు నాలిక్కి తగలకుండా పదిలంగా దాని పొట్టలోకి చేర్చింది. నేనూ అదే చేస్తాను. నా తరవాత ఇంకెవరూ లేరు, గింజలే ఉన్నాయి. మేమింతమందిమి ఇన్నాళ్లు ఉప్పుతో కుస్తీపట్టింది ఆ గింజల కోసమేగా.

అమ్మ మాట మళ్లీ గుర్తుచేసుకుంది. కలిస్తే మీ గది మీకు మిగలదు అంది. ఇప్పుడు కలపకపోతే మాత్రం గది మిగులుతుందా?

పొరమ్మ మూలనున్న పీట దగ్గరికి వెళ్లింది. కూర్చున్నమ్మ తలెత్తి చూసింది.

"నువ్వు ఏ పనికి పుట్టావో నాకు తెలీదు. మా అమ్మ నిన్ను చూసి భయపడింది. ఇన్నాళ్లూ నేనూ భయపడ్డాను. ఇప్పుడు కుండ వాసెన విప్పుతాను. ఆ తరవాత ఏం చెయ్యాలో నీ చేతులకి తెలిస్తే చెయ్యి."

కూర్చున్నమ్మ వెంటనే ఒప్పుకోలేదు. వాసెన విప్పితే నువ్వుంటావా అని అడిగింది. ఉండను, ఈ గదిలో ఎవరమూ ఉండం అంది పొరమ్మ. అబద్ధం చెప్పి ఒప్పించడం ఆవిడకి చేతకాదు. కూర్చున్నమ్మ తన చేతులవైపు ఒకసారి చూసుకుని, సరే వదినా అంది.

పనివాళ్లలో గుసగుసలు లేచాయి. తిమ్మరాజనీ పోతురాజనీ వెక్కిరించినవాళ్లు సిగ్గుతో తలలు వంచుకున్నారు. కుంపటయ్య కుంపటి ముందునుంచి లేవకుండానే చెప్పాడు. "సత్తువ చెయ్యడం వరకే నా పని, పొరమ్మా. దాన్ని దేనికి ఖర్చుపెట్టాలో నీకే తెలుసు. ఇంకా మూడు ఉండలున్నాయి. పంచదార అయిపోయింది."

మూడే మూడు ఉండలు. కొంగు వదలడానికి సత్తువ అక్కర్లేదు. వెయ్యేళ్లు పట్టుకోవాలంటే కావాలి గానీ, వదలడానికి ధైర్యం ఒక్కటి ఉంటే చాలు. మరి మూడు ఉండలూ ఎందుకు? ముందే వదిలితే పురుగు పసిగట్టి పక్కనుంచి చుట్టుతిరిగి గింజల దగ్గరికి పోతుంది. అది వచ్చి నోరు పెట్టేదాకా పట్టుకోవాలి. సరిగ్గా నోరు పెట్టినప్పుడు వదలాలి.

పొరమ్మ కిటికీలన్నిటికీ కబురు పెట్టింది. ఆఖరి వరసలో ఉన్నవాళ్లందరూ వినండి, నేను వాసెన విప్పుతున్నాను, మీరూ విప్పండి అంది. కొందరు సరేనన్నారు. కొందరు పరువు తక్కువ పనన్నారు. ఒకావిడ అయితే, మీ అక్క ఎంత మర్యాదగా పోయిందో చూసి నేర్చుకో అని దెప్పింది. పొరమ్మ పురుగు వచ్చే గోడ వైపు తిరిగి నిలబడింది. జవాబు చెప్పడానికీ సత్తువ కావాలి.

పురుగు గోడ కొరకడం మొదలుపెట్టింది. మొదటి ఉండ అయిపోయింది.

గోడకి కన్నం పడింది. పురుగు తవ్విన సొరంగంలోంచి బయటిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. అంత గాలి ఆ గది ఎప్పుడూ చూడలేదు. రెండో ఉండ అయిపోయింది.

పురుగు తల కనపడింది. లేతగులాబీ రంగు ఒళ్లు, చిన్న నోరు. ఎంత చిన్నపిల్లో అనుకుంది పొరమ్మ. కోపం తెచ్చుకుందామన్నా సరిగ్గా రాలేదు. మూడో ఉండ కూడా చేతిలో కరిగిపోతోంది. పురుగు నోరు తెరిచి కుండ మీద పెట్టింది.

పొరమ్మ కొంగు వదిలేసింది.

వగరు రసం గదంతా పొంగింది. తలుపులన్నీ విడిపోయాయి. ఉప్పు, నీళ్లు, పంచదార, పనివాళ్లు, అందరూ కలగాపులగం అయిపోయారు. కూర్చున్నమ్మ పీట మీంచి లేచింది. పుట్టాక అదే మొదటిసారి లేవడం. రసం ఆవిడ చేతుల్ని తాకింది.

చేతులు గుర్తుపట్టాయి. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న ఆ చేతుల్లో రసం అచ్చంగా ఇమిడిపోయింది. ఆవిడ ఒక చేత్తో రసాన్ని, ఒక చేత్తో గాలిని పట్టుకుని కలిపింది. తేనెరంగు తిరిగింది. ఇంకా కలిపింది. కాచిన బెల్లంపాకం రంగు తిరిగింది. ఇంకా, ఇంకా, రెప్పపాటులో వెయ్యిసార్లు కలిపింది. నల్లగా, చిక్కగా, కాటుకలా అయిపోయింది. అది గోడలకి అంటుకుంది, కన్నాలకి అంటుకుంది, పురుగు నోటికి అంటుకుంది.

పక్కగదుల్లో పొరమ్మలు అది చూశారు. సరేనన్నవాళ్లు వదిలారు. పరువు తక్కువన్నవాళ్లు కూడా వదిలారు. దెప్పినావిడ అందరికన్నా ఆఖరున వదిలింది, కానీ వదిలింది. ఆ వరసలో కూర్చున్నమ్మలందరూ లేచి నిలబడ్డారు.

పురుగు మూతి ముడుచుకుపోయింది. పచ్చి కరక్కాయ కొరికితే మీకెలా ఉంటుందో దానికలా అయింది. నాలుక మొద్దుబారింది. అమ్మా, వగరు అని ఏడ్చింది. అక్కడ వినడానికి వాళ్లమ్మ లేదు.

ముక్కలు ముక్కలై తేలుతున్న పొరమ్మ విన్నది. "వచ్చిన దారినే వెళ్లు నాయనా. నీ కడుపు నిండేంత తినేశావు. ఇంక ఇటు రాకు, ఇక్కడ పసివాళ్లున్నారు."

పురుగు వెనక్కి తిరిగింది. సొరంగంలోంచి బయటికి పాకి, కింద మట్టిలో పడి, గూడు కట్టుకుని నిద్రపోయింది. కొన్నాళ్లకి తెల్లరెక్కలొచ్చి ఎగిరిపోయింది కూడా. ఆ సంగతి పొరమ్మకి తెలిస్తే సంతోషించేదే.

గదిలో కుంపటి ఆరిపోయింది. కుంపటయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నడుం వాల్చాడు. కూర్చున్నమ్మ నల్లటి చేతులతో పొరమ్మ ముక్కలన్నీ దగ్గరికి చేరదీసుకుంది.

"వదినా, నాకు పని ఉంది."

"చూశానే" అంది పొరమ్మ. అదే ఆవిడ ఆఖరి మాట.

ఆ నల్లటి గోడ అవతల గింజలకి ఏమీ కాలేదు. మెల్లిగా ముదిరాయి. కాయ పసుపుపచ్చగా పండింది. మంగాయమ్మ పేలిక విప్పి, కాయ కోసి చీల్చి చూసి గుండె పట్టుకుంది. తొడిమ దగ్గర్నుంచి గింజల దాకా సొరంగం ఉంది. కానీ గింజలకి గోరంత దూరంలో సొరంగం ఆగిపోయింది. ఆగినచోట నల్లటి మచ్చ, పెంకులా గట్టిగా ఉంది. మంగాయమ్మ దాన్ని వేలితో తడిమి చూసింది. ఎందుకాగిందో ఆవిడకి అర్థం కాలేదు. అయినా ఆ మచ్చకి కూడా ఒక దణ్ణం పెట్టింది. గింజలు కడిగి, బూడిదలో కలిపి, ఎండబెట్టి దాచింది.

మరుసటి ఏడు లంక నిండా వంగతోట లేచింది. మంగాయమ్మ లేతకాయలు కోసుకొచ్చి, ఎప్పట్లాగే ముక్కలు తరిగి పళ్లెంలో పడేసి ఏటికెళ్లింది. తిరిగొచ్చేసరికి ముక్కలన్నీ నల్లబడ్డాయి. కాయలు పాడైపోయాయనుకుని ఇంకోటి కోసింది. కళ్లముందే అదీ నల్లబడింది. ఆ గింజలన్నీ పొరమ్మ గది పక్కన పెరిగినవి కదా, గోడ అవతలనుంచి అంతా విన్నాయి కదా. కత్తి తగిలిందంటే చాలు, ఏం చెయ్యాలో ప్రతి గదికీ తెలుసు. వచ్చినది పురుగో కత్తిపీటో వాళ్లు ఆగి చూడరు.

మంగాయమ్మ ఊరుకునే మనిషి కాదు. నానారకాలుగా చూసి, చివరికి కోసిన ముక్కని కోసినట్టే ఉప్పునీళ్లలో వేసింది. నీళ్లలో మునిగితే గాలి అందదు. ఉప్పు తగిలితే కూర్చున్నమ్మ చేతులు నెమ్మదిస్తాయి. ఇంక వేడివేడి మూకుట్లో పడ్డాక ఆవిడ పని పూర్తిగా ఆగిపోతుంది. అందుకే మీ ఇంట్లో వంకాయలు తరిగేటప్పుడు పక్కనే ఉప్పునీళ్ల గిన్నె ఉంటుంది. నమ్మకపోతే రేపు వంటింట్లోకి వెళ్లి ఒక ముక్క బయట వదిలేసి, పక్కన కూర్చుని చూడండి.

అప్పటినుంచే వంకాయ కోసినచోటల్లా నల్లబడుతుంది. ముక్క పాడైపోయిందని పారెయ్యకండి. లోపల ఒక పొరమ్మ కొంగు వదిలింది, ఒక కూర్చున్నమ్మ లేచి నిలబడింది. కాపాడాల్సిన గింజలు అక్కడ లేకపోయినా, ఉన్నాయనే వాళ్లు ఇంకా అనుకుంటున్నారు.